ఎర్రలైటు ఆరిన తరువాత

మన కథల్లోనూ సినిమాల్లోనూ ఆపరేషన్ థియేటరు తలుపు మీద ఒక ఎర్రలైటు వుంటుంది. అది వెలుగుతున్నంతసేపూ వరండాలో కథానాయకుడు పచార్లు చేస్తాడు. తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఎవరో పెద్దాయన గోడమీది దేవుడి పటం వంక చూస్తాడు. లైటు ఆరుతుంది. డాక్టరుగారు మూతికి కట్టిన గుడ్డ కిందికి లాగి "ఆపరేషన్ సక్సెస్" అంటారు. పై వారం సంచికలో సమాప్తం. ఆ రెండింటి మధ్యా ఏమైనా జరిగిందంటే అది ఒకే ఒక్క వాక్యంలో జరుగుతుంది: ఆరునెలలు గడిచాయి.

ఆ వాక్యం మీద నాకు చాలాకాలంగా కోపం. ఆరునెలలు వాటంతటవి గడవవండీ. ఎవరో గడపాలి. మంచం మీద వున్న మనిషి కొంత గడుపుతుంది, మంచం పక్కన కూర్చున్న మనిషి కొంత గడుపుతుంది, వంటింట్లో పాలు పొంగకుండా చూస్తూ చెవి మాత్రం ఆ గదివైపు వేసి వుంచే మనిషి మిగతాది గడుపుతుంది. రచయిత ఒక్కడే హాయిగా ఆ ఆరునెలలూ దాటేసి అవతలి గట్టున మనకోసం కూర్చుని వుంటాడు.

నవలల్లో జబ్బులకి కూడా కులగోత్రాలున్నాయి. ఒకప్పుడు క్షయకి పెద్దపీట. తెల్లటి రుమాలు, దానిమీద ఒక ఎర్రటి చుక్క, అంతే, పాఠకులు కంటతడి పెట్టుకునేవారు. క్షయకి మందులొచ్చి దాని వైభవం తగ్గాక గుండెజబ్బు వచ్చింది, ఆ తర్వాత బ్లడ్ క్యాన్సరు వచ్చింది. వీటన్నిటిలోనూ నాయిక అందంగా వాడిపోతుంది. వెన్నుపాములో కణితి మాత్రం ఇంతవరకు ఏ సీరియల్ గడపా తొక్కినట్టు లేదు. కారణం వెతకడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. వెన్ను పోతే పోయేది నడక ఒక్కటే కాదు. మూత్రం మీద, విరేచనం మీద అధికారం పోతుంది. మన నాయిక చనిపోవచ్చు గానీ బెడ్‌పాన్ అడగకూడదు. అదీ మన సాహిత్య మర్యాద.

ఆమాటకొస్తే చక్రాల కుర్చీలో కూర్చున్న నాయికలు మనకి లేకపోలేదు. వాళ్ళకి రెండే దారులు. పసిపిల్ల నూతివైపు పాకుతూంటే చూసి కెవ్వుమని లేచి పరుగెత్తడం ఒకటి, భర్తకి రెండో పెళ్ళి చేసి కన్నుమూయడం రెండోది. లేచి పరుగెత్తినావిడ ఆ పరుగుకి ముందురోజు స్నానం ఎలా చేసిందో, ఎవరు చేయించారో మనకి తెలీదు. కొమ్మూరి వేణుగోపాలరావుగారు స్వయంగా డాక్టరు కాబట్టి "హౌస్ సర్జన్" నవలలో ఆసుపత్రి లోపలి వాసన మనకి తగిలింది. కాదనను. అయితే అది తెల్లకోటు వేసుకున్నవాళ్ళ ఆసుపత్రి. దుప్పటి కప్పుకున్నవాళ్ళ ఆసుపత్రి వేరు. దుప్పటి కప్పుకుని ఇంటికొచ్చాక ఇల్లే ఆసుపత్రి అయిపోయే సంగతి మరీ వేరు.

న్యాయంగా చెప్పాలంటే ఈ "సక్సెస్" మోజు మన రచయితలు కనిపెట్టింది కాదు. 1887 జూన్‌లో లండన్‌లో విక్టర్ హార్స్‌లీ అనే సర్జన్ మొదటిసారిగా ఒక మనిషి వెన్నుపాము మీది కణితిని జయప్రదంగా తీశాడు. రోగి గిల్బీ అనే సైనికాధికారి. మూడేళ్ళుగా నొప్పి, కాళ్ళు పూర్తిగా పడిపోయాయి. కణితి ఫలానా చోట వుండాలని రోగ లక్షణాలను బట్టి లెక్కగట్టి చెప్పినవాడు విలియం గోవర్స్ అనే వైద్యుడు. ఎక్స్‌రే అనే మాటే పుట్టని రోజులవి. మొదట తెరిచినచోట కణితి కనబడలేదు. ఇంకాస్త పైకి వెళితే బాదంగింజ లాంటిది దొరికింది. మరుసటి యేడు ఆ ఇద్దరూ కలిసి ప్రచురించిన వ్యాసం పేరులోనే కణితి, తొలగింపు, స్వస్థత అన్న మూడు మాటలూ వరసగా నిలబెట్టారు. మన సీరియల్ ముగింపు అక్కడ పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. కాకపోతే ఒక తేడా వుంది. ఆ వ్యాసం లోపల కాలు ఎప్పుడు కదిలింది, ఎప్పుడు నిలబడింది అన్న లెక్క వుంది. శాస్త్రం ఆ నెలల్ని లెక్కపెట్టింది. మన నవల అదీ చెయ్యలేదు.

ఇంతకీ ఈ జబ్బు సంగతి నాలుగు ముక్కలు చెప్పకుండా ముందుకి పోతే చదివేవాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుంది. ఎందుకంటే ఇది మనది. వెన్నుపాము మన చిటికెనవేలంత లావుంటుంది. దాని లోపల పుట్టే కణుతులు కొన్ని, బయట దాని పొరల మీద పుట్టి లోపలికి నొక్కేవి కొన్ని. పొర మీద పుట్టేవాటిలో ముఖ్యమైనది మెనింజియోమా. ఇది ఎక్కువగా వీపుభాగంలో వస్తుంది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, చాలావరకు క్యాన్సరు కాదు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి, అందులోనూ నడివయసు దాటినవాళ్ళకి, ఎన్నోరెట్లు ఎక్కువగా వస్తుంది. మొదట వీపులో ఒక నొప్పి, పడుకుంటే తగ్గకపోగా రాత్రిళ్ళు ఎక్కువయ్యే నొప్పి. తర్వాత కాళ్ళల్లో తిమ్మిరి, నడుస్తూంటే పత్తిమీద నడుస్తున్నట్టు. కాలి చెప్పు జారిపోతే పది అడుగులు వేసినదాకా తెలియదు. మనం ఏమంటాం? వయసు, నీరసం, బట్టలు ఎక్కువ ఉతికాను, కాన్పుల నడుము. ఇంట్లోవాళ్ళూ అదే అంటారు. నడక పూర్తిగా పడిపోకముందే ఆపరేషన్ జరిగితే కోలుకునే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆ "నీరసం" అన్న మాటకి ఖరీదు చాలా వుంది.

ఇక పుస్తకాల సంగతి. మాలతీ చందూర్‌గారు "పాత కెరటాలు" శీర్షికలో ఇంగ్లీషు నవలల్ని మన వంటింటి గడప దాకా తెచ్చి కూర్చోబెట్టిన రోజులు చాలామందికి గుర్తుండే వుంటాయి. ఆ అలవాటు చొప్పునే, వెన్నుపాము కణితి ఆపరేషన్ తర్వాతి బతుకు మీద అమెరికాలో వచ్చిన రెండు పుస్తకాల గురించి చెబుతాను. రెండూ అనుభవించినవాళ్ళు రాసినవే.

మొదటిది రాబర్ట్ మర్ఫీ రాసిన "ది బాడీ సైలెంట్". 1987లో వచ్చింది. మర్ఫీ కొలంబియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం ఆచార్యుడు. యౌవనంలో భార్య యొలాండాతో కలిసి అమెజాన్ అడవుల్లో ముండురుకు తెగవాళ్ళ మధ్య వుండి వచ్చాడు. 1972లో ఎక్కడో ఒక చిన్న కండరం బిగుసుకోవడంతో మొదలైంది. 1976లో మెడ దగ్గర్నుంచి వీపు మధ్యదాకా వెన్నుపాము లోపల కణితి వుందని తేలింది. ఆపరేషన్ చేశారు గాని అది పూర్తిగా తీయగలిగేది కాదు. ఏడాదికింత చొప్పున కాళ్ళు పోయాయి, చేతులు పోతూ వచ్చాయి. ఆయన చేసిన గొప్పపని ఏమిటంటే, ఏడవకుండా, ఈ జబ్బుని ఇంకో అడవి ప్రయాణంగా తీసుకున్నాడు. ముండురుకుల్ని చూసిన కళ్ళతోనే తోటి ప్రొఫెసర్లని చూశాడు. చక్రాల కుర్చీలో కాలేజీకి వెళితే నిన్నటిదాకా భుజం తట్టినవాళ్ళు చూపు ఎందుకు తిప్పుకుంటున్నారు? లిఫ్టులో మాటలు ఎందుకు ఆగిపోతున్నాయి? ఆయన చెప్పిన జవాబు నాకు నచ్చింది. జబ్బుమనిషికి సమాజంలో ఒక చోటు వుంది, ఆరోగ్యవంతుడికి ఒక చోటు వుంది. ఇటూ కాక అటూ కాక మిగిలినవాడికి చోటు లేదు. అడవితెగల్లో పిల్లవాడు పెద్దవాడయ్యే తంతులో కొన్నాళ్ళు ఊరి బయట వుంచుతారే, అలా వుంచేసి, తిరిగి పిలవడం మరిచిపోయినట్టుంటుందట వికలాంగుడి స్థితి.

ఇంత పదునుగా చెప్పినవాడు తెలుగులో నాకు తటస్థపడలేదు. మన ఊళ్ళల్లో అది ఇంకా బాహాటం. బాలింతకి మర్యాద వుంది, జ్వరం వచ్చినవాళ్ళకి బత్తాయిలున్నాయి, పోయినవాళ్ళకి పదకొండో రోజు వుంది. ఆపరేషన్ అయి ఎనిమిది నెలలై, కర్ర పట్టుకుని గోడవారగా నిలబడ్డ మనిషికి ఏముంది? "ఇంగా నడస్తాలేవా అక్కా?" అన్న ప్రశ్న వుంది.

రెండో పుస్తకం రేనాల్డ్స్ ప్రైస్ రాసిన "ఎ హోల్ న్యూ లైఫ్", 1994. ఈయన పేరున్న నవలాకారుడు. 1984లో, యాభై ఒకటో యేట, నడుస్తూ నడుస్తూ కాలు తడబడింది. మెడ దగ్గర్నుంచి కిందికి పెన్సిల్ లావున, జానెడు పైచిలుకు పొడవున కణితి. మొదటి ఆపరేషన్‌లో కొద్దిగానే తీయగలిగారు. తర్వాత కిరణచికిత్స, దాంతోపాటు కాళ్ళు పోవడం. 1986లో కొత్తగా వచ్చిన ధ్వనితరంగాల సాధనంతో మళ్ళీ తెరిచి మిగతాది తీశారు. ప్రాణం దక్కింది, నడక రాలేదు, నొప్పి పోలేదు. నొప్పిని మందులతో కాక మనసుకి శిక్షణ ఇచ్చి అదుపులో పెట్టుకోవడం 1987లో గాని ఆయనకి ఎవరూ నేర్పలేదు. మూడేళ్ళపాటు ఆ దారి ఒకటుందని తనకెవరూ ఎందుకు చెప్పలేదని ఆయన మండిపడతాడు. ఆ కోపం పుస్తకంలో నాకు బాగా నచ్చిన చోటు. ఆయన వాదం అంతా ఒకటే. పాత మనిషి పోయాడు, అతని కోసం నాలుగురోజులు ఏడ్చి, ఆ తర్వాత కొత్తవాడెవరో కనుక్కోండి అంటాడు. ఆయన కనుక్కున్నాడు కూడా. చక్రాల కుర్చీలో కూర్చున్నాకే అంతకు ముందుకంటే ఎక్కువ పుస్తకాలు రాశాడు. 2011 దాకా బతికాడు.

రెండూ మంచి పుస్తకాలే. మర్ఫీది బుద్ధికి, ప్రైస్‌ది ధైర్యానికి. అయినా రెంటిలోనూ నాకో వెలితి కనబడుతుంది. అది నాకై నాకు తట్టలేదు. తట్టించినది ఎమ్మిగనూరులో వుండే ఒకావిడ.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు బస్సులో గంట ప్రయాణం. మా ఆదోని పత్తి ఊరు, అది చేనేత ఊరు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ళ సహకార సంఘం నిలబెట్టిన ఊరు. ఆయనకి 1954లో పద్మశ్రీ ఇచ్చారు. ఆవిడ ఇంట్లో నేటికీ గుంటమగ్గమే. గుంటమగ్గం తెలుసు కదా? నేలలో గుంట తీసి, గట్టుమీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, రెండు పాదాలతోనూ తొక్కుడుకర్రలు మార్చి మార్చి తొక్కాలి. పైన చేతులు ఎంత పనిచేస్తాయో కింద కాళ్ళూ అంత పనిచేస్తాయి. ఆయన మగ్గం దిగితే ఆవిడ ఎక్కేది. ఎక్కనప్పుడు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. మూడేళ్ళ క్రితం పాదాలకి తొక్కుడుకర్ర తగులుతోందో లేదో తెలియడం మానేసింది. మోకాళ్ళ అరుగుదల అని ఒకరు, నరాల బలహీనత అని ఒకరు ఏడాదిన్నర సూదులు వేశారు. చివరికి ఎమ్మారై తీస్తే వీపు మధ్యలో మెనింజియోమా. ఒక పెద్ద ఊళ్ళో ఆపరేషన్ జరిగింది. ఎర్రలైటు ఆరింది. పన్నెండోరోజు ఇంటికి తెచ్చారు.

అసలు కథ ఆ పన్నెండోరోజు మొదలైంది. వాళ్ళ ఇంటి గడప జానెడెత్తు. మరుగుదొడ్డి పెరట్లో, మూడు మెట్లు దిగి. కూర్చోలేదు, దిగలేదు. కొడుకు ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో రంపంతో గుండ్రంగా కోసి, అంచులకి సైకిలు ట్యూబు చుట్టి కింద బకెట్టు పెట్టాడు. ఆ కుర్చీని పెరట్లో చూసినప్పుడు, దీని గురించి నాలుగు పేజీలు రాయగలిగిన రచయిత మనకి కావాలి అనిపించింది. రెండుగంటలకొకసారి ఆవిడని పక్కకి తిప్పాలి. తల, భుజాలు, నడుము, కాళ్ళు అన్నీ ఒక్కటిగా, దుంగని దొర్లించినట్టు. లేకపోతే వెన్ను మెలితిరుగుతుంది. తిప్పకపోతే స్పర్శలేని చోట పుండు పడుతుంది. పడితే అది ఎముకదాకా పోతుంది. రెండో ప్రపంచయుద్ధం ముందు వెన్ను దెబ్బతిన్నవాళ్ళలో చాలామందిని చంపింది ఆ దెబ్బ కాదు, ఈ పుండ్లూ మూత్రపు ఇన్ఫెక్షనూను. 1944లో ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు పగలూ రాత్రీ రెండుగంటలకొకసారి తిప్పి తీరాలని పట్టుబట్టి ఎంతోమందిని బతికించాడు. అదే ఆయన 1948లో అక్కడ పెట్టిన ఆటలపోటీలే పెరిగి పారాలింపిక్స్ అయ్యాయి. సరే, స్టోక్ మాండవిల్‌లో నర్సులు తిప్పారు. ఎమ్మిగనూరులో రాత్రి పన్నెండుకి, రెండుకి, నాలుగుకి ఎవరు తిప్పారు? కోడలు. ఆ అమ్మాయికి అప్పుడు చంటిబిడ్డ. బిడ్డ పాలకి లేచే వేళని, అత్తని తిప్పే వేళని ఒకటిగా కలుపుకుందట. ఇది ఎవరూ నేర్పిన విద్య కాదు.

మూత్రం సంగతి కూడా రాస్తాను, మర్యాద భంగమైతే కానివ్వండి. గొట్టం ఎప్పుడూ వుంచేస్తే ఇన్ఫెక్షన్లు వస్తాయి. అందుచేత వేళకి శుభ్రంగా గొట్టం పెట్టి తీసేసే పద్ధతి ఒకటుంది. మనిషే తనకి తాను చేసుకోవచ్చు. 1972లో జాక్ లాపిడిస్ అనే అమెరికన్ డాక్టరు ప్రచారంలోకి తెచ్చాడు. ఆవిడ అద్దం పెట్టుకుని నేర్చుకుంది. యాభై ఆరేళ్ళ మనిషి, ఎన్నడూ తన ఒంటిని అద్దంలో పూర్తిగా చూసుకోని మనిషి, నేర్చుకుంది. మూడునెలలకి ఆ అవసరం తీరిపోయింది. ఇంట్లో మగవాళ్ళకి ఆ అద్దం ఎందుకో ఈనాటికీ తెలియదు. మన సాహిత్యంలో స్త్రీ సాహసం అంటే పోలీసుస్టేషన్‌లో గొంతెత్తి మాట్లాడడం. ఆ అద్దం ముందు కూర్చోవడం సాహసం కాదని ఎవరైనా అనగలరా?

ఈ రెండు పుస్తకాల కథా ఆవిడకి నేను వెళ్ళినప్పుడల్లా కొంతకొంత చెబుతూ వచ్చాను. ఆవిడ చదువుకున్నది అయిదో క్లాసు. వినడంలో మాత్రం ఎమ్మేలకి తీసిపోదు. ప్రైస్ గురించి విని, "ఆయన పని చేతుల్లో వుండాది కదా, కాళ్ళు పోయినా రాసుకున్న్యాడు. నా పని సగం కాళ్ళల్లో వుండె" అంది. ఇంత చిన్నమాటలో ఆ పుస్తకం పరిమితి మొత్తం వుంది. కొత్తమనిషి అవ్వు అని ఉపదేశించడం, పాత పనిని కూర్చునే చేసుకోగలిగినవాడికి సులువు. పైగా ప్రైస్ ఇంట్లో వుండి లేవదీయడానికి, కూర్చోబెట్టడానికి జీతానికి కుర్రవాళ్ళుండేవారు. వాళ్ళ గురించి ఆయన ప్రేమగానే రాశాడు. కానీ కుర్రవాడికి నెల తిరిగేసరికి జీతం వుంటుంది, చదువు అయిపోతే వెళ్ళిపోతాడు. కోడలు వెళ్ళిపోదు.

మర్ఫీ గురించి విన్నాక చాలాసేపు ఏమీ అనలేదు. జనం చూపు తిప్పుకోవడం గురించి ఆయన రాసినది మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత, "ఆయన పెండ్లాం ఏమనె?" అంది.

పుస్తకం మళ్ళీ తిరగేశాను. యొలాండా లేదని కాదు. వుంది. పరాధీనం కావడం ఎంత బాధో, తన బరువు భార్యమీద పడడం తనకెంత అపరాధంగా తోచేదో మర్ఫీ దాచుకోకుండా రాశాడు. అంతా ఆయన గొంతులోనే. లేవదీసిన నడుము ఎలా నొప్పెట్టిందో, ఎన్ని రాత్రులు నిద్రలేదో ఆవిడ నోట వినబడదు. విచిత్రం ఏమిటంటే ఆ దంపతులిద్దరూ కలిసి 1974లో ముండురుకు ఆడవాళ్ళ జీవితం మీదే ఒక పుస్తకం రాశారు. "విమెన్ ఆఫ్ ది ఫారెస్ట్" అని, దానిమీద యొలాండా పేరే ముందుంటుంది. అడవిలో ఆడవాళ్ళ చాకిరీని అంత నిశితంగా చూసిన ఇంట్లోనే ఈ రెండో పుస్తకం ఒక్క పేరుతో వచ్చింది. ఇది మర్ఫీని తప్పుపట్టడం కాదు. 1990లో ఆయన పోయాడు, వున్న శక్తితో రాయగలిగింది రాశాడు. ఆ పుస్తకానికి జంటపుస్తకం ఒకటి కావలసి వుంది, అది రాలేదు అంటున్నాను.

మన దగ్గర ఇలాంటివేమీ లేవా అంటే, వెల్లూరు వుంది. రాయలసీమవాళ్ళకి పెద్దజబ్బు వస్తే పెద్దవాళ్ళ నోట మొదట వచ్చే పేరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదివిన మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మకి 1954లో మోటారు ప్రమాదంలో వెన్ను విరిగి కాళ్ళు పోయాయి. కణితి కాదు, అయినా తర్వాతి బతుకు అదే. ఆవిడ కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. ఆ తర్వాత విదేశాల్లో శిక్షణ పొంది వచ్చి, వెల్లూరులో ఇలాంటివాళ్ళని తిరిగి బతుకులో పెట్టే విభాగాన్ని నడిపింది. 1966లో దానికోసం ప్రత్యేక సంస్థే వెలిసింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. డొరోతీ క్లార్క్ విల్సన్ 1963లో రాసిన ఆవిడ జీవితచరిత్ర "టేక్ మై హ్యాండ్స్" ఎంతోమంది నర్సుల చేత కన్నీళ్ళు పెట్టించిన పుస్తకం. నాకూ ఇష్టమే. కాని అందులో మేరీ మరీ పుణ్యాత్మురాలు. విసుగు వస్తే వెంటనే ప్రార్థన వస్తుంది. ఎమ్మిగనూరు ఆవిడకి ఈ కథలో చేతుల ఆపరేషన్లు చాలా నచ్చాయి, "దేవుడు ఇందుకే కాళ్ళు తీసుకున్న్యాడు" అన్న ధోరణి నచ్చలేదు. మంత్రాలయం మొక్కు తీర్చుకుని వచ్చిన మనిషే. "సామి కాళ్ళు ఇచ్చినోడే గానీ తీసుకునేటోడు కాదు" అంది.

ఈ కాలంలో పేపర్లు దీపా మలిక్ కథ రాస్తూంటాయి. హర్యానా అమ్మాయి. 1999లో వెన్ను కణితికి ఆపరేషన్ జరిగి, ఛాతీ కింద శరీరం పనిచేయకుండా పోయింది. 2016 రియో పారాలింపిక్స్‌లో గుండు 4.61 మీటర్లు విసిరి రజతం తెచ్చింది. పారాలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ. గొప్ప విషయం. అయితే ఆ వార్తలు రాసే పద్ధతి చూడండి. మొదటి పేరాలో ఆపరేషన్, రెండో పేరాలో పతకం. మధ్య పదిహేడేళ్ళున్నాయి. ఆ పదిహేడేళ్ళలో ఆవిడ ఇద్దరు కూతుళ్ళని పెంచింది, భోజనాల వ్యాపారం నడిపింది. వంటమనిషికి ఏం పురమాయించిందో, పిల్లల జడలు ఎవరు వేశారో, మనకి కావలసిన సంగతులన్నీ ఆ రెండు పేరాల మధ్య తెల్లకాగితంలో వుండిపోయాయి. అదే పాత వాక్యం. ఆరునెలలకి బదులు పదిహేడేళ్ళు గడిచాయి, అంతే.

ఇంకొక సంగతి. మర్ఫీ, ప్రైస్, మేరీ వర్గీస్, దీపా మలిక్, నలుగురూ చక్రాల కుర్చీలోకి వెళ్ళినవాళ్ళు. గిల్బీ లేచి నడిచినవాడు. ఇటు పూర్తిగా పోయినవాళ్ళకీ, అటు పూర్తిగా బాగైనవాళ్ళకీ పుస్తకాలున్నాయి. సగం బాగైనవాళ్ళకి లేదు. మెనింజియోమా తీయించుకున్న ఆడవాళ్ళలో చాలామంది అక్కడే, ఆ మధ్యలోనే వుంటారు. నడుస్తారు, కాని కర్ర కావాలి. స్పర్శ వచ్చింది, కాని పాదాలకి రాలేదు. చూసేవాళ్ళకి బాగైనట్టే కనిపిస్తారు కాబట్టి పెళ్ళిపిలుపులు వస్తాయి. బంతిలో కింద కూర్చోలేరు కాబట్టి "గర్వం" అన్న మాటా వస్తుంది. వేసవిలో ఆదోని, ఎమ్మిగనూరు బండరాళ్ళు నిప్పులు చెరుగుతాయి కదా, పాదం కాలినా తెలియదు. బొబ్బ లేచాక కోడలు చూసి చెప్పాలి. వేడినీళ్ళ కాపడం పెట్టవద్దని డాక్టరు చెప్పి పంపినా, పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ కాపడమే సిఫార్సు చేస్తారు.

ఎవరైనా రాయబోతే వాళ్ళకి పనికొస్తుందని ఆవిడ చెప్పినవి కొన్ని రాసి పెట్టుకున్నాను. మెట్టు ఎక్కడం కష్టమని అందరూ అనుకుంటారు, దిగడమే కష్టమట. కాలు బిగుసుకుంటుంది, కింద నేల ఎంత దూరమో కాలికి తెలియదు, కంటితో చూసి చెప్పాలి. పగలు ఎలాగో నడిచిపోతుంది. కరెంటు పోతే మాత్రం నిలబడినచోటే నిలబడిపోవాలి, చీకట్లో తన పాదాలు ఎక్కడున్నాయో తనకే తెలియదు. అందుకని దిండు కింద టార్చిలైటు పెట్టుకుంటుంది. గుంటమగ్గం ఇక ఎక్కలేనని తేలిపోయింది. రాట్నం మాత్రం ఎత్తుపీట మీద పెట్టించుకుని కుర్చీలో కూర్చుని కండెలు చుడుతోంది. మొదట్లో రోజుకి పది, ఇప్పుడు యాభై దాటాయి. ఆయన మగ్గం మీద నుంచే "కండె" అని చెయ్యి చాస్తాడు. ఇంతకుముందు లేచి వెళ్ళి ఇచ్చేది. ఇప్పుడు రాట్నాన్ని జరిపించి, కూర్చున్నచోటినుంచే చెయ్యి అందేటంత దూరంలో వేయించుకుంది.